ఇంగ్లిష్ తిండి మాటల జాడ తీయాలంటే ఓఈడీ ఆన్‌లైన్‌కు చందా కట్టొచ్చా?

1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్లో లేవీయకాండం రెండో అధ్యాయం తీస్తే ‘మీట్ ఆఫరింగ్’ అని ఉంటుంది. అందులో పడేవి మెత్తటి గోధుమపిండి, నూనె, సాంబ్రాణి. మాంసం తునక కూడా ఉండదు. తెలుగు బైబిల్ అదే చోట ‘నైవేద్యము’ అంటుంది, సరిగ్గానే అంటుంది. పాత ఇంగ్లిష్‌లో ‘మీట్’ అంటే తిండి, అంతే. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మనుషులకు విత్తనాల మొక్కల్నీ పళ్లచెట్లనీ ‘మీట్’గా ఇచ్చాడన్నా అర్థం అదే. మాంసం అనే ఇరుకు అర్థం 1300 ప్రాంతం నుంచి దాని పక్కనే నడుస్తూ వచ్చి, చివరికి ఇల్లంతా ఆక్రమించింది. పాత అర్థం ‘స్వీట్‌మీట్’లో ఒక మూల మిగిలింది. మిఠాయి కొట్టు బోర్డు మీద ఆ మాట చూసి శాకాహారులు ఉలిక్కిపడనక్కర్లేదు.

అనువాదకులు, సబ్‌టైటిళ్లు రాసేవాళ్లు, పాత ఇంగ్లిష్ వంటలు తెలుగులో పెట్టేవాళ్లు రోజూ కాలుజారేది ఇలాంటి మాటల దగ్గరే. తెలియని మాటైతే నిఘంటువు తీస్తాం. తెలిసిన మాట అనుకున్నప్పుడు తీయం, అక్కడే దెబ్బతింటాం. వీటి జాడ తీయడానికి ఉన్న సాధనాల్లో పెద్దది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఆన్‌లైన్, పొట్టిగా ఓఈడీ. అది డబ్బు కట్టి వాడేది. ఉచితంగా దొరికే వాటితో పని జరుగుతుందా, దీనికి కట్టాలా అన్నదే ఇక్కడి లెక్క. తిండి మాటల వరకే చూద్దాం.

ముందు ఇది ఎలాంటి సరుకో తెలియాలి. లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ 1857లో తలపెట్టిన పని ఇది. మొదటి భాగం 1884లో అచ్చయింది, చివరిది 1928లో. 1989లో వచ్చిన రెండో కూర్పు 20 సంపుటాలు. 2000లో ఇంటర్నెట్‌కు ఎక్కింది, అప్పటి నుంచి పాత పద్దుల్ని ఒక్కొక్కటిగా తిరగరాస్తూ వస్తున్నారు. దీన్ని మామూలు నిఘంటువులా చదివితే మొదటి క్లిక్కులోనే తప్పు జరుగుతుంది. చాలా మామూలు నిఘంటువుల్లో మొదటి అర్థమే ఇవాళ్టి వాడుక. ఓఈడీలో అర్థాలు పుట్టిన వరుసలో ఉంటాయి, ముసలి అర్థం ముందు. అంటే మొదట కనిపించేది ఎప్పుడో చచ్చిపోయిన అర్థం కావచ్చు. అలాంటి దాని పక్కన చిన్న కత్తి గుర్తు ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోకుండా ఒకటో నంబరు అర్థాన్ని ఎత్తి రాసుకునేవాళ్లు చాలామంది.

‘కార్న్’ తీసుకుని చూద్దాం. వెతుకు పెట్టెలో కొట్టగానే ఒకే స్పెల్లింగుతో రెండు మూడు పద్దులు వస్తాయి. ఒకటి గింజ. ఇంకొకటి కాలి ఆనె. దానికీ గింజకూ చుట్టరికం లేదు, అది కొమ్ము అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. గింజ పద్దులోకి వెళితే అడ్డంగా ట్యాబులుంటాయి: ఫ్యాక్ట్‌షీట్, అర్థాలు–వాడుక, వ్యుత్పత్తి, ఉచ్చారణ, రూపాలు, వాడుక తరచుదనం, సమాసాలు. నేరుగా రెండో ట్యాబుకు పోవాలి. అక్కడ ప్రతి అర్థానికీ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని ఏళ్లు, కింద ఉదాహరణ వాక్యాలు కాలక్రమంలో ఉంటాయి. ‘కార్న్’ మొదట ఏ చిన్న పలుకైనా. ఉప్పు కల్లు కూడా కార్నే. ‘కార్న్‌డ్ బీఫ్’లో మొక్కజొన్న లేకపోవడానికి కారణం ఇదే, అది ఉప్పు పలుకుల్లో ఊరేసిన మాంసం. తర్వాత ఏ ధాన్యమైనా కార్న్. ఏ ఊళ్లో ఏది ఎక్కువ పండితే అది అక్కడ ఉత్త ‘కార్న్’: ఇంగ్లండులో గోధుమ, స్కాట్లండులో ఓట్స్. అమెరికాకు వలస వెళ్లినవాళ్లు అక్కడి మొక్కజొన్నను ‘ఇండియన్ కార్న్’ అన్నారు, పోనుపోను ముందు మాట రాలిపోయింది.

మన దగ్గర ‘వరి’ అని చెప్పకుండా ‘పంట ఎలా ఉంది’ అంటే కోనసీమలో ఒకటి, అనంతపురంలో ఒకటి అర్థమవుతుంది కదా, అదే సంగతి.

ఇప్పుడు పని దగ్గరికి. బ్రిటన్‌లో 1815 నుంచి 1846 దాకా నడిచిన ‘కార్న్ లాస్’ను ‘మొక్కజొన్న చట్టాలు’ అని రాస్తే తప్పు, అవి ధాన్యం దిగుమతి చట్టాలు. బైబిల్లో రూతు ‘కార్న్’ వెన్నులు ఏరుకుంది అంటే యవల పొలంలో పరిగె ఏరుకుంది అని. మొక్కజొన్న అమెరికా పంట, కొలంబస్ 1492లో అటు వెళ్లేదాకా పాలస్తీనాలో ఆ గింజ ఎవరూ చూడలేదు. ఈ మాటను అనువదించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు: రాసినవాడు ఏ దేశం వాడు, ఏ ఏడు, పక్కన మర, రొట్టె, గడ్డి వంటి మాటలు ఏమున్నాయి. మొదటి రెండిటికీ జవాబు మీ పుస్తకంలో ఉంటుంది. ఆ దేశంలో ఆ ఏడు ఆ మాటకు ఏ అర్థం బతికి ఉందో చెప్పేది ఓఈడీ ఉదాహరణ వరుస. ‘ఇప్పుడు ఎక్కువగా అమెరికాలో’, ‘ప్రాంతీయం’ లాంటి చిన్న అక్షరాల గుర్తులు వదిలేయకండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఏళ్లు చదవడానికీ ఒక పద్ధతి ఉంది. ఏడుకు ముందు ‘సి’ ఉంటే సుమారు, ‘ఏ’ ఉంటే అంతకు ముందెప్పుడో. మధ్యయుగపు వాక్యాలకు ఒక్కోసారి రెండు తేదీలు కనిపిస్తాయి. బయట ఉన్నది చేతిరాత ప్రతి తేదీ, బ్రాకెట్లో ఉన్నది రచన జరిగిన తేదీ. ఇంగ్లిష్ కవి చాసర్ రచనకు 1405 ప్రాంతం అని వేసి, బ్రాకెట్లో 1387–95 అని వేయడం చూసి అచ్చుతప్పు అనుకోకూడదు. చాసర్ పోయాక లేఖకుడు నకలు రాసిన ప్రతి అది, మాట మార్చి ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండూ చెబుతారు. ఇంత పట్టింపు మామూలు ఉచిత సైట్లలో దొరకదు.

అలాంటి ఉచిత సైట్లలో చాలావాటికి ఉమ్మడి జబ్బు ఒకటుంది: ఒక మాటకు ఒక తేదీ. మెరియమ్–వెబ్‌స్టర్ ‘మొదటి వాడుక’ అని ఇచ్చే ఏడు పక్కన ‘ఫలానా నంబరు అర్థంలో’ అని సన్నగా రాసి ఉంటుంది. ఆ తేదీ ఆ ఒక్క అర్థానిదే. ‘పుడ్డింగ్ 13వ శతాబ్దం నుంచి ఉంది’ అని గొప్పగా రాసేవాళ్లు ఆ రోజుల్లో గిన్నెలో పాలూ చక్కెరా ఊహించుకుంటారు. అప్పటి పుడ్డింగ్ అంటే జంతువు పేగులోనో పొట్టలోనో రక్తం, కొవ్వు, పిండి కూరి ఉడకబెట్టింది. ‘బ్లాక్ పుడ్డింగ్’ ఇప్పటికీ అదే. 17వ శతాబ్దంలో పేగు బదులు గుడ్డ వచ్చింది, గుడ్డలో పిండీ ఎండుపళ్లూ కట్టి ఉడికించడం వచ్చింది, అక్కడి నుంచి తీపి వైపు మళ్లింది. ఇవాళ బ్రిటన్‌లో భోజనం చివర ఏ తీపి పెట్టినా పుడ్డింగే. అమెరికాలో మెత్తగా వణికే పాల వంటకం మాత్రమే. అంటే మాట తేదీ వేరు, వంటకం తేదీ వేరు. తేదీని కాదు, ఆ తేదీ కింద ఉన్న వాక్యాన్ని చదవాలి. ఓఈడీకి చందా కడితే చేతికొచ్చే అసలు సరుకు ఆ వాక్యాలే. చందా లేకుండా పైపై సమాచారం కొంత కనిపిస్తుంది కానీ వాక్యాల వరుస మొత్తం తెరుచుకోదు.

ఎటిమాన్‌లైన్ సంగతీ చెప్పాలి. డగ్లస్ హార్పర్ కట్టిన ఉచిత నిఘంటువు ఇది. ఒక్కో మాట కథనూ పది లైన్లలో, చదివించేలా చెబుతుంది. ‘డెజర్ట్’ అంటే ఫ్రెంచిలో బల్ల మీదివి ఎత్తేయడం అనీ, ‘డిన్నర్’కు మూలం ఉపవాసం విడవడమనీ (అంటే ‘బ్రేక్‌ఫాస్ట్’ చెప్పేదే), ‘బిస్కెట్’ అంటే రెండుసార్లు కాల్చిందనీ ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. సరదాగా తెలుసుకోవడానికి ఇంతకు మించి అక్కర్లేదు. కానీ వాక్యాల వరుస ఉండదు. రెండు అర్థాలు వందేళ్లు పక్కపక్కనే బతికినప్పుడు మీ పుస్తకంలో ఉన్నది ఏదో తేల్చుకోవడానికి అది చాలదు.

పేరు ఒకటి, వంశం వేరు అనే ఉచ్చు తిండి మాటల్లో మరీ ఎక్కువ. 1390 ప్రాంతంలో, రెండో రిచర్డ్ రాజు వంటవాళ్ల కాలంలో, చేతిరాతలో వచ్చిన ‘ద ఫార్మ్ ఆఫ్ క్యూరీ’ అనే వంటల సంకలనాన్ని చూపించి, ఇంగ్లండుకు కర్రీ అప్పుడే వచ్చేసింది అనేవాళ్లున్నారు. ఆ ‘క్యూరీ’ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, అర్థం వంట. మన కూరతో సంబంధం లేదు. గుర్రాన్ని దువ్వే ‘కర్రీ’ ఇంకొకటి, దాని దారి దానిది. తినే ‘కర్రీ’ తమిళ ‘కరి’ నుంచి వెళ్లింది, అన్నంలో కలుపుకునేది అన్న అర్థంతో. హన్నా గ్లాస్ 1747లో అచ్చేసిన వంటల పుస్తకంలో ‘ఇండియా పద్ధతిలో’ అంటూ కర్రీ ఉంది. ఓఈడీలో ఇవి వేరువేరు పద్దులు, నంబర్లతో. ఆ నంబరు చూడకుండా దిగితే తప్పు గదిలోకి వెళ్లినట్టే. 1500కు ముందు మాట ఏదైనా తగిలితే మిషిగన్ యూనివర్సిటీ వారి మిడిల్ ఇంగ్లిష్ డిక్షనరీ తీయండి. అది పూర్తిగా ఉచితం, వాక్యాలతో సహా ఉంటుంది, 1100 నుంచి 1500 వరకు ఆ కాలానికి ఓఈడీ కంటే లోతుగా పోతుంది. ఇబ్బంది స్పెల్లింగు ఒక్కటే. ‘మీట్’ను ఇవాళ్టి స్పెల్లింగుతో వెతికితే నేరుగా దొరక్కపోవచ్చు, ‘మేటే’ అని పలికేలా పాత రూపంలో కొట్టాలి. ఆ రూపం తెలుసుకోవడానికి ఎటిమాన్‌లైన్ పక్కన తెరిచి పెట్టుకుంటే సరి.

ఇక తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూడాల్సిన పద్దు ‘మ్యాంగో’. మాట ద్రవిడ భాషలది, ‘మాంగాయ్’ నుంచి మలయ, పోర్చుగీసు దారుల్లో ఇంగ్లిష్‌కు చేరింది. మాట ఓడెక్కింది కానీ పండు ఎక్కలేదు. నెలల తరబడి ప్రయాణంలో మామిడిపండు నిలవదు కదా. ఇంగ్లండుకూ అమెరికా వలసలకూ చేరింది ఊరగాయ. దాంతో అక్కడివాళ్లకు ‘మ్యాంగో’ అంటే కాయ కాదు, ఊరేసే పద్ధతి. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ వంటల పుస్తకాల్లో దోసకాయ మ్యాంగో, కర్బూజా మ్యాంగో ఉన్నాయి. ‘మ్యాంగో చేయడం’ అని క్రియ కూడా పుట్టింది. చేసే తీరు ఇది: కాయకు పక్కన చిన్న ముక్క కోసి గింజలు తోడేస్తారు. లోపల ఆవాలు, వెల్లుల్లి, అల్లం, మిరియాలు లాంటివి కూరి, కోసిన ముక్కను మూతలా పెట్టి దారంతో కట్టి, కాగిన వెనిగర్ పోసి ఊరేస్తారు. కాయ ఏదైనా, కూరి ఊరేస్తే మ్యాంగో.

ఇది మనకు వింతగా అనిపించాల్సిన పని లేదు. ఆవ పెట్టింది కాబట్టి ఆవకాయ. పేరులో మామిడి లేకపోయినా ఉత్త ఆవకాయ అంటే మామిడిదే. అదే పద్ధతి దోసకాయకు పడితే దోసావకాయ. ఇంగ్లిష్‌వాళ్ల దగ్గర పండు పేరు పద్ధతికి వెళ్లింది, మన దగ్గర పద్ధతి పేరు పండుకు వచ్చింది. తెలుగు పాఠకులకు ఆ ‘దోసకాయ మ్యాంగో’ను దోసావకాయ అంటే సగం సంగతి అర్థమైపోతుంది. కారం, నూనె ఉండవని, వెనిగర్ ఉంటుందని ఒక మాట చేర్చాలి. కథ అక్కడ ఆగలేదు. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో అలా కూరడానికి ఎక్కువగా వాడింది పచ్చ క్యాప్సికమ్. లోపల డొల్ల, పెద్దగా తోడే పని లేదు. పద్ధతి పేరు కాయకే అతుక్కుపోయింది. ఒహాయో, ఇండియానా వైపు పెద్దవాళ్లు కొందరు క్యాప్సికమ్‌ను ఇప్పటికీ ‘మ్యాంగో’ అంటారు. అక్కడి పాత వంట కార్డు మీద ‘స్టఫ్డ్ మ్యాంగోస్’ అని ఉండి, లోపల కీమా, అన్నం, టమాటా అని రాసి ఉంటే బంగినపల్లి కోయకండి.

‘కెచప్’ దగ్గర తప్పు నాలుక మీదే తెలుస్తుంది. చైనా దక్షిణ తీరపు హొక్కియన్ భాషలో అది ఊరేసిన చేపల రసం. ఇంగ్లిష్ వ్యాపారి చార్లెస్ లాకియర్ 1711లో సోయ్ (సోయా సాస్) జపాన్ నుంచి వస్తుందనీ, మంచి కెచప్ టాంకిన్ నుంచి, అంటే ఇప్పటి ఉత్తర వియత్నాం నుంచి వస్తుందనీ రాశాడు. సోయ్ పక్కన సోయ్ లాంటి సరుకుగా రాశాడన్నది గమనించాలి. ఇంగ్లండులో దాన్ని అనుకరించబోయి పుట్టగొడుగులతో, వాల్‌నట్‌లతో, ఆయిస్టర్లతో చేసుకున్నారు. పుట్టగొడుగులు చిదిపి ఉప్పు చల్లి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లటి నీరు ఊరుతుంది. దాన్ని పిండి, మిరియాలు, లవంగాలు, జాపత్రి వేసి మరగబెట్టి సీసాకెత్తేవారు. పలచగా, ఉప్పగా, నల్లగా ఉండే రసం అది. టమాటాది 19వ శతాబ్దం మొదట్లో వచ్చి, హైంజ్ 1876లో సీసాల్లో అమ్మడం మొదలెట్టాక మిగతావాటిని తోసేసింది. కాబట్టి 1800 ముందటి మాంసం కూరలో ‘ఒక స్పూను కెచప్’ అని ఉంటే టమాటాది వేయకూడదు. వేస్తే ఎరుపు, తీపి, పులుపు, మూడూ అక్కర్లేనివి చేరి కూర చెడుతుంది. దగ్గరి బదులు సోయా సాస్, అదీ చెప్పిన దాంట్లో సగం వేసి రుచి చూశాక మిగతాది. ఇలాంటి చోట ఓఈడీ వాక్యాలు బంగారం. పుట్టగొడుగు, వాల్‌నట్, టమాటా వరుస వాటిలోనే కనిపించేస్తుంది.

ఓఈడీ సాయం చేయలేని చోటు కొలతలు. ‘పైంట్’ పద్దులో కొలతలన్నీ ఉంటాయి, మీ వంటకంలో ఉన్నది ఏ పైంటో మీరే తేల్చుకోవాలి. 1824 చట్టంతో బ్రిటన్ ఇంపీరియల్ గ్యాలన్‌కు మారింది. ఇంపీరియల్ పైంట్ సుమారు 568 మిల్లీలీటర్లు. అంతకు ముందున్న వైన్ పైంట్ సుమారు 473, అమెరికా ఇప్పటికీ దానిమీదే ఉంది. 1747 నాటి వంటకంలోని పైంట్ క్రీము వైన్ పైంటే అయితే, దానికి ఇవాళ్టి బ్రిటిష్ జగ్గు వాడితే సుమారు 95 మిల్లీలీటర్లు ఎక్కువ పోసినట్టు. కస్టర్డ్ గట్టిపడలేదని గుడ్లను తిట్టుకుని లాభం లేదు.

కస్టర్డ్ అంటే గుర్తొచ్చింది. ఆ మాటలో దాక్కున్నది ‘క్రస్ట్’. మొదట అది పిండి గిన్నెలో కాల్చిన పై, లోపల మాంసమో పండో, గుడ్డూ పాలూ. పిండి గిన్నె పోయింది, లోపలిది పేరు నిలబెట్టుకుంది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్, భార్యకు గుడ్డు పడదని, కార్న్‌ఫ్లోర్‌తో గుడ్డు లేని పొడి తయారుచేశాడు. మన ఇళ్లలో ఫ్రూట్ కస్టర్డ్ అంటే ఆ పొడి వంశమే. రెండు కస్టర్డ్‌లకూ పొయ్యి దగ్గర నడక పూర్తిగా ఎదురు. పచ్చసొనది 80 డిగ్రీల సెల్సియస్ దాటి ఇంకాస్త వేడెక్కితే విరుగుతుంది, ఉడుకు రానివ్వకూడదు. పొడిది ఉడుకు వస్తేనే చిక్కబడుతుంది, పచ్చివాసన పోతుంది. దాన్ని ముందు చల్లటి పాలలో కలపాలి. వేడి పాలలో వేస్తే పిండి పైపొర అక్కడికక్కడే ఉడికి, లోపల పొడిగా ఉండిపోయి ఉండలు కడుతుంది. ఇంగ్లిష్ వంటకంలో ‘కస్టర్డ్’ అని చూసి ఏ పద్ధతి పాటించాలో మాట చెప్పదు. పదార్థాల్లో పచ్చసొన ఉందా, పొడి ఉందా చూడాలి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు దీనికి తోకలాంటి చిక్కు ‘కార్న్‌ఫ్లోర్’. బ్రిటన్‌లో, మన దగ్గర అది తెల్లటి గంజిపొడి. అమెరికా దుకాణంలో ‘కార్న్ ఫ్లోర్’ అంటే మెత్తగా విసిరిన మొక్కజొన్న పిండి, ఎక్కువగా పసుపుగా ఉంటుంది. దాంతో గోబీ మంచూరియాకు పూత పెడితే కరకరలాడదు, సాస్ చిక్కబడినా మెరుపు రాదు. అక్కడ అడగాల్సింది ‘కార్న్‌స్టార్చ్’. ‘మాసా హరీనా’ అని ఉన్నది మూడోది, సున్నపు నీళ్లలో ఉడికించి విసిరిన మెక్సికో పిండి, దీనికి పనికిరాదు. ‘బిస్కెట్’ కూడా అంతే. అమెరికా సినిమాలో ‘బిస్కెట్స్ అండ్ గ్రేవీ’ వస్తే సబ్‌టైటిల్లో ‘బిస్కెట్లు, గ్రేవీ’ అని పెట్టి ఊరుకుంటున్నారు. అది మెత్తటి బన్ను లాంటి రొట్టె మీద పాలతో చేసిన తెల్లటి మాంసం సాసు. చాయ్‌లో ముంచేది అక్కడ ‘కుకీ’.

‘మార్మలేడ్’ పోర్చుగీసులో క్విన్స్ పండు పాకం. 1979లో యూరప్ నిబంధన నిమ్మజాతి పళ్లదాన్నే ఆ పేరుతో అమ్మాలని అడ్డుకట్ట వేసింది. మాట అర్థాన్ని చట్టం పట్టుకుని ఆపిన అరుదైన సందర్భం. ‘మిన్స్‌మీట్’లో ఒకప్పుడు నిజంగానే మాంసం ఉండేది, ఇప్పుడు ఎండుపళ్లూ మసాలానే. కానీ పాతకాలం గుర్తుగా ఆవు కొవ్వు కొన్ని సీసాల్లో ఇంకా ఉంటుంది, మాంసం లేదు కదా అని కొనే శాకాహారులు లేబుల్ వెనక ‘స్యూట్’ అన్న మాట కోసం చూసుకోవాలి.

గూగుల్ ఎన్‌గ్రామ్ గ్రాఫులు (స్కాన్ చేసిన పుస్తకాల్లో ఒక మాట ఏ ఏడు ఎంత తరచుగా ఉందో చూపేవి) పెట్టి ‘ఈ మాట ఫలానా ఏడు పెరిగింది’ అని తేల్చేవాళ్లకు ఒక హెచ్చరిక. 2010 చివర్లో వచ్చిన ఈ ఉచిత సాధనం అక్షరాల్ని లెక్కపెడుతుంది, అర్థాల్ని కాదు. ‘టర్కీ’ కొడితే కోడీ దేశమూ కలిసిపోతాయి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోవద్దనే గుర్తు తీసేస్తే కొంత విడిపోతాయి. ‘కార్న్’ ఒక్కటే కాకుండా ‘ఇండియన్ కార్న్’, ‘స్వీట్ కార్న్’ అని జంటగా వెతికి, బ్రిటిష్, అమెరికన్ పుస్తకాలను విడివిడిగా ఎంచుకుంటే ఉపయోగం. 1800కు ముందు వంకల్ని నమ్మకండి. అప్పటి అచ్చులో పొడుగు ‘ఎస్’ను యంత్రం ‘ఎఫ్’గా చదివి ‘సాస్’ను ‘ఫాస్’ చేసేస్తుంది. గ్రాఫులో ‘సాస్’ ఉన్నట్టుండి పెరిగిందంటే జనం సాస్ తినడం మొదలెట్టారని కాదు, అచ్చు పోత మారిందని.

ఓఈడీకే తిరిగొస్తే, దాని బలహీనత మన వైపే ఉంది. తిరగరాత పూర్తికాలేదు. కొన్ని పద్దులు వందేళ్ల కిందటి మాటల్లోనే ఉంటాయి. ‘పూర్తిగా సవరించలేదు’ అన్న సూచనా, మొదట అచ్చయిన ఏడూ చూసుకుని ఎంత నమ్మాలో తేల్చుకోవాలి. భారతదేశపు మాటలకు దీని పక్కన 1886 నాటి హాబ్సన్–జాబ్సన్ అనే నిఘంటువు ఉండి తీరాలి. దాని 1903 కూర్పు చికాగో యూనివర్సిటీ సైటులో ఉచితం. రాసిన యూల్, బర్నెల్ దొరతనం అక్కడక్కడా చిరాకు తెప్పిస్తుంది, ఊహా వ్యుత్పత్తులూ ఉన్నాయి, కానీ వాక్యాల సేకరణ గట్టిది.

‘టిఫిన్’ అందులోనే చూడాలి. ఇంగ్లిష్ బజారు భాషలో ‘టిఫింగ్’ అంటే వేళకాని వేళ తినడం, తాగడం. 1785 నాటి గ్రోస్ యాస నిఘంటువులో ఉంది. ఇండియాలోని ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని మధ్యాహ్నపు తేలిక భోజనం చేసుకున్నారు. ఇంగ్లండులో మాట దాదాపు మాయమైంది. ముంబైలో డబ్బా అయింది. మన దగ్గర పొద్దున్న ఇడ్లీ, దోసె, ఉప్మా, పెసరట్టు అయి, ‘టిఫిన్ చేశారా?’ అని పలకరింపుగా కూడా మారింది. సాయంత్రం ఏడింటికి అన్నం మానేసి రెండు చపాతీలు తిన్నా టిఫినే. ఇంత దూరం ఏ ఇంగ్లిష్ నిఘంటువూ రాదు. ‘కర్రీ పాయింట్’ సంగతీ అంతే. తమిళ కరి ఇంగ్లండు వెళ్లి కర్రీ అయి, తిరిగొచ్చి మన వీధి చివర కూర, పప్పు, సాంబారు, రోటిపచ్చడి అన్నిటికీ ఉమ్మడి పేరైంది.

ఎవరు కట్టాలి? 19వ శతాబ్దానికి ముందటి ఇంగ్లిష్‌ను తెలుగు చేసేవాళ్లు, నిఘంటువుల పని చేసేవాళ్లు, పరిశోధన విద్యార్థులు కట్టొచ్చు, అదీ మీ యూనివర్సిటీ లైబ్రరీకి ఇప్పటికే చందా ఉందేమో అడిగాకే. బ్రిటన్‌లో ఉండేవాళ్లు జేబులో చెయ్యి పెట్టనక్కర్లేదు. చాలా ఊళ్ల పబ్లిక్ లైబ్రరీ కార్డు నంబరు కొడితే ఇంట్లోంచే తెరుచుకుంటుంది. చందా ధర దేశాన్ని బట్టి మారుతుంది, ఏడాదికి ఒకేసారి కట్టే ముందు అదే పేజీలో చూసుకోండి. ఏడాదిలో పది మాటలు వెతికేవాళ్లకు ఇది దండగ. ఎటిమాన్‌లైన్, మిషిగన్ వారిది, హాబ్సన్–జాబ్సన్ మూడూ ట్యాబుల్లో తెరిచి పెట్టుకుంటే పది మాటల్లో ఎనిమిది తేలిపోతాయి. తెలుగు వైపు అర్థం సరిచూసుకోవడానికి నాలుగో ట్యాబులో ఆంధ్రభారతి నిఘంటు శోధన పెట్టుకోండి, బ్రౌన్ నిఘంటువు కూడా అందులో ఉంది. మిగిలిన రెండు మాటల కోసం ఓఈడీ చందా ఉన్న లైబ్రరీలో ఒక గంట కూర్చుంటే సరిపోతుంది. వెళ్లేటప్పుడు మీ వాక్యం, రాసిన ఏడు, దేశం మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి.